అనుమానమూ, నిరూపణమూ: డిటెక్టివు విచర్ కథ

అపరాధ పరిశోధన నవలలు చదివే అలవాటున్నవారికి చివరి ప్రకరణం ఎట్లా ఉంటుందో తెలుసు. డిటెక్టివు ఇంటివారినందరినీ ఒక గదిలో కూర్చోబెడతాడు. ఒక్కొక్క ముడినీ విప్పుకుంటూ వచ్చి, చిట్టచివరకు దోషిని వేలెత్తి చూపుతాడు. దోషి తల వంచుకుంటాడు. చదువరి తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఇంగ్లీషువారి షెర్లాక్ హోమ్స్ మొదలుకొని మన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ వరకు ఈ కథానాయకులు సాధారణంగా ఓటమి ఎరుగరు.

అటువంటి కథానాయకులకు మూలపురుషులలో ఒకడని చెప్పదగిన వ్యక్తి నిజంగానే జీవించాడు. ఆయన పేరు జోనథన్ విచర్. లండన్ పోలీసుశాఖలో డిటెక్టివు ఇన్‌స్పెక్టరు. అయితే ఆయన కథలో చివరి ప్రకరణం మరొక విధంగా నడిచింది. 1860 లో దేశమంతటినీ కలవరపెట్టిన ఒక హత్యకేసులో ఆయన ఒకరిని దోషి అని వేలెత్తి చూపాడు. న్యాయాధికారులు ఆ మాటను స్వీకరించలేదు. ప్రజలు ఛీ కొట్టారు. పత్రికలు పరిహసించాయి. అయిదేండ్ల తరువాత ఆ వ్యక్తే స్వయంగా వచ్చి నేరం ఒప్పుకొనేనాటికి విచర్ ఉద్యోగం విడిచి ఏడాది దాటింది. ఇందులో తప్పు ఎవరిది? పరిశోధకునిదా, న్యాయాధికారులదా, లోకానిదా? నూట అరవై ఏండ్లు గడిచినా ఈ ప్రశ్న పాతబడలేదు.

డిటెక్టివు అనే ఉద్యోగమే ఆనాటికి కొత్త. లండన్ మహానగర పోలీసుశాఖ 1829 లో ఏర్పడింది. మొదట ఇంగ్లండు ప్రజలు దానిని అపనమ్మకంతోనే చూశారు. ఫ్రాన్సులో మారువేషాల గూఢచారులు పౌరుల ఇండ్లలో చొరబడుతున్నారని విన్నవారికి, ఆ పీడ తమకూ పట్టుతుందేమోనన్న భయం ఉండేది. అందుచేతనే పోలీసువాడు ఎక్కడున్నా అందరికీ కనబడేటట్లు నీలిరంగు దుస్తులు ఇచ్చారు. మామూలు దుస్తులలో తిరిగే పరిశోధకశాఖ ఏర్పడడానికి మరి పదమూడేండ్లు పట్టింది. 1842 లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జంట్లు, మొత్తం ఎనిమిదిమందితో అది ప్రారంభమైంది. తొలినాళ్ళలోనే అందులో చేరినవాడు విచర్.

ఆయన 1814 లో లండన్‌కు దక్షిణాన ఉన్న కాంబర్‌వెల్‌లో ఒక తోటమాలి ఇంట పుట్టాడు. 1837 లో పోలీసుశాఖలో ప్రవేశించాడు. పొట్టిగా, దిట్టంగా, ముఖాన మశూచి మచ్చలతో ఉండేవాడు. మాటలు తక్కువ, ఆలోచన ఎక్కువ. ప్రఖ్యాత నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1850 లో తన పత్రికలో లండన్ పరిశోధకులను మెచ్చుకుంటూ వ్రాసిన వ్యాసాలలో విచర్‌ను కూడా, పేరు కొంచెం మార్చి, పాఠకులకు పరిచయం చేశాడు. పదేండ్ల తరువాత రోడ్ గ్రామానికి బయలుదేరేనాటికి ఆయన తన శాఖలో పేరుమోసిన పరిశోధకుడు.

ఇక్కడ రోడ్ అన్నది దారి కాదు, ఊరి పేరు. విల్ట్‌షైర్, సోమర్‌సెట్ అనే రెండు జిల్లాల సరిహద్దున ఉన్న చిన్న పల్లె అది. అక్కడ రోడ్ హిల్ హౌస్ అనే భవంతిలో సామ్యూల్ కెంట్ అనే ఫ్యాక్టరీల తనిఖీ అధికారి నివసించేవాడు. ఆయన మొదటి భార్య 1852 లో మరణించింది. అంతవరకు పిల్లలకు చదువు చెబుతూ ఆ ఇంటిలోనే ఉన్న ఉపాధ్యాయినిని ఆయన మరుసటి సంవత్సరం వివాహమాడాడు. 1860 నాటికి మొదటి భార్య పిల్లలు నలుగురు, రెండవ భార్య పిల్లలు ముగ్గురు ఒకే కప్పు క్రింద ఉన్నారు. మొదటి నలుగురిలో చిన్నవారు కాన్‌స్టన్స్, విలియం. ఆమెకు 16 ఏండ్లు, అతనికి 14. సవతి తల్లి ఇంటిలో తమకు రెండవ పీట వేశారన్న బాధ ఈ ఇద్దరినీ దగ్గర చేసింది.

1860 జూన్ 29 వ తేదీ శుక్రవారం రాత్రి ఆ ఇంటిలో 12 మంది నిద్రించారు. వారిలో నాలుగేండ్లు ఇంకా నిండని సావిల్ అనే బాలుడు రెండవ భార్య కుమారుడు. దాది ఎలిజబెత్ గాఫ్ పడుకొనే గదిలోనే అతని పడక. తెల్లవారుజామున ఆమెకు మెలకువ వచ్చి చూస్తే పడక ఖాళీగా ఉన్నది. తల్లి ఎత్తుకొని పోయి ఉంటుందని తలచి ఊరుకున్నది. తీరా ఉదయం తల్లిని అడిగితే బిడ్డ ఆమె దగ్గర లేడు. క్రింది అంతస్తు హాలులో ఒక కిటికీ తెరచి ఉన్నది. తండ్రి పోలీసు అధికారిని పిలుచుకొని వచ్చేందుకు ట్రోబ్రిడ్జి పట్టణానికి బండిలో బయలుదేరాడు. ఈలోగా వెదకుతున్న గ్రామస్థులకు, ఆవరణలో చెట్ల చాటున పనివారు వాడుకొనే మరుగుదొడ్డిలో బాలుని శవం దొరికింది. గొంతు కోసి ఉన్నది. రొమ్మున కూడా ఒక పోటు.

రాత్రి గడియలు వేసిన ఇల్లు అది. బయటివారు తలుపులు పగులగొట్టి వచ్చిన జాడ ఎక్కడా లేదు. కనుక హంతకుడు ఇంటిలోనివాడే కావాలి. ఆ మాటే ఇంగ్లండును గడగడలాడించింది. గౌరవనీయులైన మధ్యతరగతి కుటుంబంలో, ఇంటివారి చేతులలోనే ఇటువంటి ఘోరం జరుగుతుందా? స్థానిక పోలీసులు రెండు వారాలు తంటాలు పడ్డారు. దాదిని అనుమానించారు. తండ్రిని గురించి కూడా ఊరు గుసగుసలాడింది. ఏదీ తేలలేదు. జిల్లా మేజిస్ట్రేట్లు సహాయం కోరగా లండన్ ప్రభుత్వం జూలై మధ్యలో విచర్‌ను పంపింది.

విచర్ వచ్చేసరికి హత్య జరిగి పదిహేను రోజులు అయింది. నెత్తుటి మరకలు కడిగివేశారు, అడుగుజాడలు చెరిగిపోయాయి. మిగిలినవి మనుషుల మాటలూ, బీరువాలలోని బట్టలూ మాత్రమే. ఆయన పరిశోధన ఒక చిన్న వస్తువు మీద నిలిచింది. అది కాన్‌స్టన్స్ రాత్రిపూట తొడుక్కొనే గౌను. ఆమెకు అటువంటివి మూడు ఉండవలసి ఉండగా రెండే కనబడ్డాయి. మూడవది చాకలామె పోగొట్టిందని కాన్‌స్టన్స్ చెప్పింది. హత్య జరిగిన తరువాతి సోమవారం దానిని తానే బట్టల బుట్టలో వేశానని పనిపిల్ల అన్నది. బుట్టలో అది తనకు చేరనే లేదని చాకలామె అన్నది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చునా?

ఉండవచ్చునని విచర్ తర్కించాడు. పనిపిల్లను గుచ్చి గుచ్చి అడిగితే ఒక సంగతి బయటపడింది. బట్టలు లెక్కపెట్టి బుట్టలో సర్దుతూ ఉండగా కాన్‌స్టన్స్ గుమ్మం దగ్గరకు వచ్చి, తన లోపావడా జేబులో డబ్బుసంచి ఉన్నదేమో చూడమన్నది. ఆ తరువాత గ్లాసుతో మంచినీళ్లు తెమ్మన్నది. పనిపిల్ల క్రిందికి వెళ్లి వచ్చిన ఆ రెండు నిమిషాలే కీలకమని విచర్ అభిప్రాయం. నెత్తురంటిన గౌను అప్పటికే నాశనమైంది. లెక్కలో ఒకటి తగ్గుతుంది. అందుచేత లెక్కపెట్టి బుట్టలో వేసిన శుభ్రమైన గౌనును ఆమె చాటుగా వెనుకకు తీసుకున్నది. పనిపిల్ల లెక్కలో గౌను వెళ్లినట్లే ఉంటుంది, చాకలామెకు చేరదు. లోటు ఆ పేదరాలి నెత్తిన పడుతుంది.

దీనికి తోడు మరొక పాత సంగతి ఆయన దృష్టికి వచ్చింది. 1856 లో కాన్‌స్టన్స్ జుట్టు కత్తిరించుకొని, మగపిల్లవాని దుస్తులు ధరించి, తమ్మునితో కలిసి ఇల్లు విడిచి బాత్ నగరం వరకు పారిపోయింది. కత్తిరించిన జుట్టును ఆమె దాచింది ఆ మరుగుదొడ్డిలోనే. ఆ పిల్ల సాహసమూ, రహస్యాలు దాచుకొనే తీరూ ఆనాడే వెల్లడి అయినాయని విచర్ భావించాడు. జూలై 20 వ తేదీన ఆమెను అరెస్టు చేశాడు.

వారం రోజుల తరువాత, జూలై 27 న, గ్రామంలోని సభామందిరంలో విచారణ జరిగింది. కనబడని గౌను తప్ప విచర్ చేతిలో గట్టి వస్తువు ఏదీ లేదు. సవతి సంతానం మీద ఆమెకు అసూయ ఉన్నదని చెప్పించడానికి బడి స్నేహితురాండ్రను పిలిపించాడు గాని, వారి సాక్ష్యం తేలిపోయింది. కాన్‌స్టన్స్ తరఫు న్యాయవాది ఎడ్లిన్ లేచి, ఒక గౌను పోయినంత మాత్రాన పసిపిల్లను హంతకురాలనడం ఎంతటి క్రౌర్యమో ఉద్రేకంగా వర్ణించాడు. మేజిస్ట్రేట్లు ఆమెను 200 పౌన్ల హామీ మీద విడుదల చేశారు. మందిరంలో హర్షధ్వానాలు మిన్నుముట్టాయి. విచర్ లండన్‌కు తిరుగు ప్రయాణమయ్యాడు.

ఆ తరువాత ఆయన మీద కురిసిన నిందలకు లెక్కలేదు. పత్రికలలోనే కాక పార్లమెంటులో సైతం విమర్శ వినిపించింది. నిందల అడుగున ఉన్నది సాక్ష్యం బలహీనమన్న మాట ఒక్కటే కాదు. ఇంగ్లీషువానికి తన ఇల్లే తన కోట. అటువంటి కోటలోకి ఒక తోటమాలి కొడుకు ప్రవేశించి, పెద్దింటి కన్యల పెట్టెలు తెరిపించి, లోదుస్తులను గురించి పనివారిని ప్రశ్నించడమేమిటి? దాదిని అనుమానించినప్పుడు లోకానికి ఇంత బాధ కలుగలేదు. ఆ శరదృతువులోనే ఎలిజబెత్ గాఫ్‌ను పట్టుకొని రోజుల తరబడి విచారించి, ఆధారం లేక విడిచిపెట్టినప్పుడు ఆమె కోసం అంతటి హర్షధ్వానాలు మ్రోగలేదు. స్వయంగా డికెన్స్ కూడా, తండ్రీ దాదీ కలిసి చేసిన పని ఇది అనే నమ్మాడు.

అయితే విచర్‌కు అన్నిటికంటె ఎక్కువ ద్రోహం చేసినవారు ఆయన తోటి పోలీసులే. హత్య జరిగిన దినమే వారికి వంటింటి ప్రక్కనున్న పొయ్యి గూటిలో నెత్తురంటిన ఆడవారి లోవస్త్రం ఒకటి దొరికింది. హత్యతో దానికి సంబంధం లేదని సూపరింటెండెంటు ఫోలీ తలచాడు. దానిని అక్కడే ఉంచి, తీసుకొనేందుకు ఎవరు వస్తారో చూడడానికి రాత్రి ఇద్దరు కానిస్టేబుళ్లను వంటింటిలో కాపలా పెట్టారు. ఇంటి యజమాని బయట గడియ వేశాడు. ఆ వస్త్రం మాయమైంది. సిగ్గుపడిన పోలీసులు సంగతినంతా దాచిపెట్టారు. ఎక్కడెక్కడి బట్టలో వెదకుతున్న విచర్‌కు సైతం ఒక్కమాట చెప్పలేదు. ఆ ఏడాది చివరిలో మరొక విచారణలోగాని ఇది బయటికి రాలేదు. అది పోయిన గౌనేనా, వేరొక వస్త్రమా అన్నది ఎన్నటికీ తేలలేదు. పరువు కాపాడుకోవాలని దాచిన చిన్న పొరపాటు ఒక్కటి న్యాయానికి ఎంత కీడు చేయగలదో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

విచర్ తన అభిప్రాయం మార్చుకోలేదు, బహిరంగంగా సమర్థించుకోనూలేదు. తన పైఅధికారులకు పంపిన నివేదికలలో మాత్రం అదే మాట మళ్లీ మళ్లీ వ్రాశాడు. క్రమంగా ఆయన ఆరోగ్యం చెడింది. 1864 లో, ఏబది ఏండ్లయినా నిండకముందే, మెదడుకు సంబంధించిన రుగ్మత కారణంగా పదవీ విరమణ చేశాడు.

కాన్‌స్టన్స్‌ను తండ్రి ఫ్రాన్సులోని ఒక కన్యాశ్రమ పాఠశాలకు పంపించాడు. 1863 లో ఆమె ఇంగ్లండుకు తిరిగి వచ్చి, బ్రైటన్ పట్టణంలో ఆర్థర్ వాగ్నర్ అనే మతాచార్యుని సంరక్షణలోని ఆశ్రమంలో చేరింది. 1865 ఏప్రిల్ 25 వ తేదీన నల్లని దుస్తులు ధరించిన ఒక యువతి లండన్ బో వీధిలోని మేజిస్ట్రేటు కోర్టుకు వచ్చింది. అయిదేండ్ల క్రిందట తమ్ముణ్ణి చంపినది తానేననీ, ఎవరి తోడ్పాటూ లేకుండా ఒంటరిగా చేశాననీ వ్రాసి ఇచ్చింది. ఆమె కాన్‌స్టన్స్ కెంట్. గౌను సంగతి విచర్ ఊహించినట్లే జరిగిందని కూడా తరువాత తెలిసింది. బిడ్డ మీద ద్వేషం లేదట. తన తల్లిని అవమానించిన సవతి తల్లి మీద పగ తీర్చుకొనేందుకే ఆ పని చేసిందట.

జూలై 21 న సాల్స్‌బరీ న్యాయస్థానంలో ఆమె దోషినని ఒప్పుకున్నది. మరణశిక్ష చదువుతూ న్యాయమూర్తి విల్స్ కంటతడి పెట్టాడు. వయస్సునూ, స్వయంగా ఒప్పుకోవడాన్నీ చూసి ప్రభుత్వం దానిని యావజ్జీవ శిక్షగా మార్చింది. ఇరువది ఏండ్లు చెరసాలలో గడిపి 1885 లో ఆమె విడుదలైంది. మరుసటి ఏడు ఆస్ట్రేలియాకు వెళ్లి, పేరు మార్చుకొని, నర్సుగా శిక్షణ పొంది, కుష్ఠురోగులకు సైతం సేవ చేసింది. 1944 లో, నూరేండ్లు నిండిన తరువాత కన్నుమూసింది. తమ్ముడు విలియం సముద్రజీవుల శాస్త్రజ్ఞుడై, ఆస్ట్రేలియా తీరపు పగడపు దిబ్బలను గురించి 1893 లో గొప్ప గ్రంథం ప్రకటించాడు.

మరి విచర్ గెలిచినట్లేనా? ఆయన చూపిన వేలు సరైనదే. అయినప్పటికీ చిక్కులన్నీ విడిపోలేదు. తాను వాడింది తండ్రి మంగలికత్తి అని కాన్‌స్టన్స్ చెప్పింది. రొమ్మున పడిన పోటు అటువంటి కత్తితో సాధ్యం కాదని 1860 లో శవాన్ని పరీక్షించిన వైద్యులు చెప్పారు. నిద్రపోతున్న బిడ్డను, కంబళితో సహా, చీకటిలో ఆమె ఒంటరిగా ఎట్లా మోసుకొని పోయింది? తమ్ముడు తోడుపడి ఉండవచ్చునని విచర్ మొదటినుంచీ అనుమానించాడు. ఇంగ్లండు రచయిత్రి కేట్ సమ్మర్‌స్కేల్ 2008 లో ఈ కేసును గురించి ప్రకటించిన పుస్తకం ఈ అనుమానాన్నే మళ్లీ బలపరచింది. తమ్ముణ్ణి కాపాడటానికే అక్క నేరమంతా తన మీద వేసుకున్నదా? ఇది అనుమానమే, నిరూపణ కాదు.

ఇక్కడే ఈ కథలోని అసలు గుణపాఠం ఉన్నది. విచర్‌ను నిందించిన లోకానిది తప్పు. తక్కువ కులస్థుని చేతి వస్తువును చూసి అసహ్యించుకొన్నట్లుగా, తోటమాలి కొడుకు నోటినుండి వచ్చినందుకు ఒక మాటను అది తిరస్కరించింది. కాని కాన్‌స్టన్స్‌ను విడిచిపెట్టిన మేజిస్ట్రేట్లను తప్పుపట్టగలమా? వారి ఎదుట ఉన్నది కనబడని గౌను ఒకటి, దానిని గురించిన ఒక తెలివైన ఊహ. అంతమాత్రాన ఒక మనిషిని ఉరికంబం వైపు నడిపించడం న్యాయం కాదు. అనుమానం ఎంత బలమైనదైనా నిరూపణకు బదులు కాజాలదని మన సర్వోన్నత న్యాయస్థానం కూడా ఎన్నోమార్లు హెచ్చరించింది. ఊహ నిజమే కావచ్చును. అయినా నిజమైన ఊహకూ, నిరూపితమైన నిజానికీ మధ్య ఒక అగడ్త ఉన్నది. దానిని దాటించే వంతెన సాక్ష్యమొక్కటే. విచర్‌కు ఆ వంతెన లేకపోవడానికి కారణం ఆయన తెలివితక్కువతనం కాదు. ఆలస్యంగా పిలిచినవారూ, దొరికినదానిని దాచినవారూ దానికి బాధ్యులు.

పదవి విడిచిన తరువాత ఆయన చేసిన ఒక పని చూస్తే ఇది స్పష్టమవుతుంది. టిచ్‌బోర్న్ జమీందారీకి వారసుణ్ణి నేనేనంటూ ఆస్ట్రేలియానుంచి ఒకడు దిగివచ్చాడు. అతడు లండన్ చేరుతూనే 1866 క్రిస్మస్ నాడు వాపింగ్ అనే రేవుపేటకు చాటుగా వెళ్లి, ఆర్టన్ అనే మాంసం వర్తకుని కుటుంబాన్ని గురించి వాకబు చేశాడు. ఈ సంగతిని పసిగట్టినవాడు ప్రైవేటు పరిశోధకుడుగా పనిచేస్తున్న విచర్. సాక్షులు సజీవంగా, జాడలు వేడిగా ఉన్నచోట ఆయన నైపుణ్యానికి సాటి లేదు. ఆ మోసగాడు 1874 లో జైలుపాలైనాడు.

విచర్ 1881 జూన్ 29 వ తేదీన మరణించాడు. రోడ్ హిల్ హౌస్‌లో ఆ బిడ్డ చివరిసారి నిద్రకు ఉపక్రమించిన రాత్రికి సరిగా ఇరువదియొక్క ఏండ్లు. ప్రభుత్వం ఆయనకు జరిగిన అన్యాయాన్ని సవరించిన దాఖలా లేదు. సాహిత్యం మాత్రం ఆయన రుణం కొంత తీర్చింది. విల్కీ కాలిన్స్ 1868 లో ప్రకటించిన 'మూన్‌స్టోన్' నవల, 1799 నాటి మన శ్రీరంగపట్టణం ముట్టడిలో అపహృతమైన ఒక వజ్రం చుట్టూ అల్లినది. అందులోనూ మరకపడిన రాత్రిగౌను ఒకటి ఉన్నది. పెద్దింటి కన్యను అనుమానించి, ఓడిపోయి వెళ్లే డిటెక్టివు ఒకడున్నాడు. వందలాది అపరాధ పరిశోధన నవలలకు దారి చూపినవాటిలో అది ముఖ్యమైనది.

ఇకమీదట అటువంటి నవల ఒకటి చదివి, చివరి ప్రకరణంలో డిటెక్టివు వేలెత్తి చూపగానే దోషి తల వంచినప్పుడు, ఒక్క క్షణం విచర్‌ను తలచుకోండి. ఆయన వేలెత్తి చూపిన మందిరంలో ఎవరూ తల వంచలేదు. తల వంచుకొని రైలెక్కినవాడు ఆయనే.